‘ఆవిరి వార్చడం’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కంప్యూటర్ చిప్పులను చల్లబరిచే సన్న కాలువల మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఆ కాలువల్లో పుట్టే ఆవిరిని బయటికి పంపే పనిని తెలుగులో ఏమనాలో తేలక, మూడు రోజులుగా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీజ్ అనే ఇద్దరు సిలికాన్ పలకలో 50 మైక్రోమీటర్ల వెడల్పున కాలువలు చెక్కి, నీళ్ళు పారించి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని లాగి చూపించారు. అందులో నీళ్ళు మరగలేదు. మరగనిస్తే లాభం ఇంకా ఎక్కువ. ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కేలరీ చాలు, అదే గ్రాము ఆవిరి కావాలంటే 540 కేలరీలు తాగుతుంది.

చిక్కంతా ఆ ఆవిరితోనే. మామూలు ఒత్తిడి దగ్గర నీళ్ళు ఆవిరైతే సుమారు 1600 రెట్లు ఉబ్బుతాయి. టెస్ట్‌ట్యూబులో నీళ్ళు కాచేటప్పుడు చూడండి: అడుగున ఒక బుడగ పుట్టి గొట్టం నిండా అడ్డుపడుతుంది, పైనున్న నీళ్ళు ఒక్కసారిగా ఎగిరి చిమ్ముతాయి. అందుకే మూతి మనుషుల వైపు పెట్టొద్దని పిల్లలకు పదేపదే చెబుతాం. వెంట్రుక మందం కాలువలోనూ ఇదే జరుగుతుంది. బుడగకు పక్కలకు చోటుండదు, పొడుగ్గా సాగి వచ్చే నీటిని వెనక్కి నెడుతుంది. గోడ మీది పలచని నీటి పొర ఇగిరిపోతుంది. అక్కడ చిప్పు మాడుతుంది. (‘ఇగరడం’ ఎంత చక్కగా సరిపోయిందో! కూర ఇగిరినట్టే.)

మందు ఏమిటంటే, కాలువకు పైకప్పుగా సన్న రంధ్రాల టెఫ్లాన్ పొర వేయడం. చేమాకు మీద నీటిబొట్టు అంటనట్టే ఆ పొరకు నీళ్ళు అంటవు, రంధ్రాల్లోకి దూరవు. ఆవిరి మాత్రం దాటిపోతుంది.

ఈ పనికి పేరేం పెట్టాలి? మొదట ‘ఆవిరి వార్చడం’ అని రాశాను. చదివి మా అమ్మ ఒప్పుకోలేదు. “గంజి వారుస్తాం, ఆవిరిని ఎట్లా వారుస్తారు?” అంది. నిజమే, వార్చితే పోయేది నీళ్ళు. ఇక్కడ నీళ్ళు ఉండాలి. ‘బాష్ప నిష్కాసనం’ అంటే పిల్లలు పుస్తకం మూసేస్తారు. మీరేమంటారు?

పాకాల సభ్యురాలు: సార్, మా పక్క చెరుకుపాలు పెనంలో తెర్లేటప్పుడు మడ్డి తీస్తారు. ఆవిరిని ఎవరూ ‘తియ్యరు’, అదే పోతుంది. మూత ఓరగా పెట్టి ‘ఆవిరి పోనీ’ అంటాం. ఆవిరి మాటకు ‘పోవడం’, ‘పోనివ్వడం’ తప్ప వేరే క్రియ అతకదు.

చిత్తూరు సభ్యుడు: మా అవ్వ మిద్దింట్లో పొగ పోయేదానికి పైకప్పులో గవాచి ఉండేది. ఆ పొరను గవాచి అంటే?

నా జవాబు: అక్కా, మీరు చెప్పింది సైన్సుకూ సరిగ్గా నప్పుతుంది. ఆవిరిని బయటినుంచి ఎవరూ పట్టి లాగనక్కర్లేదు. కాలువలో ఒత్తిడి ఎక్కువ, పొర అవతల తక్కువ, దారి దొరికితే అదే పోతుంది. పెనానికి పైన ఆకాశమే ఉంది కాబట్టి ఆ దారి అడగాల్సిన పని లేదు, మూతపడ్డ కాలువకు మనం ఇవ్వాలి.

గవాచి మాట నాకు చాలా ఇష్టం తమ్ముడూ. కానీ వానొస్తే గవాచిలోంచి నీళ్ళు కారేవి, పైన ఏదో ఒకటి కప్పేవాళ్ళం. ఈ పొర నీళ్ళను ఆపుతుంది, ఆవిరిని వదులుతుంది. రెండు పనులూ ఒకేసారి. అది రాస్తుంటేనే ‘పట్టువిడుపు’ గుర్తొచ్చింది. నీటిని పట్టడం, ఆవిరిని విడవడం. నీటి ఒత్తిడి మరీ పెరిగితే రంధ్రాల్లోకి నీళ్ళు దూరతాయి, దానికి ‘పట్టు తప్పడం’ అన్న మాట మనకు ఎప్పటినుంచో ఉంది.

పాఠంలో వాక్యం ఇలా మార్చాను: “కాలువ పైకప్పుగా ఉన్న విడుపుపొర నీటిని పట్టి ఉంచి, ఆవిరిని పోనిస్తుంది.” మా అమ్మకు వినిపించాను. ‘విడుపుపొర’ను రెండుసార్లు పలికి చూసుకుని, సరే అంది.