రెండు వైద్య కళాశాలలు, ఏది సురక్షితం? అత్యవసరం

వరంగల్ తండ్రి:
సాయంత్రం ఆరు నుంచి కంప్యూటరు ముందే ఉన్నాను, ఇప్పుడు పదకొండున్నర. విదేశంలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఏజెంటు రెండూ భద్రమే అంటాడు, మా ఆవిడ రెండూ వద్దంటుంది. రేపు మధ్యాహ్నంలోగా అడ్వాన్సు కట్టాలి. చుట్టుపక్కల పరిస్థితి చూస్తే మొదటిది మేలా, రెండోదా?

గోదావరి గట్టు:
ఊరి పేరు?

లెక్కల మాస్టారు:
అయ్యా, వీధి సంగతి తర్వాత, ముందు చదువు. తిరిగి వచ్చాక ఎఫ్‌ఎంజీఈలో, అంటే విదేశంలో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ రాసే అర్హత పరీక్షలో, 300కి 150 రావాలి. అవి రాకపోతే ఎంత మంచి వీధిలో ఉండి ఏమి లాభం? జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్పు, బోధన ఇంగ్లీషులో. ఆ కాగితాలు అడిగారా?

వరంగల్ తండ్రి:
చూశానండీ, నేను అడిగింది అది కాదు. రెండూ కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లోనే. ఒకదానికి ప్రాంగణంలోనే హాస్టలు. రెండోదానికి ఫీజు తక్కువ, కానీ ఊరి చివర అద్దె ఫ్లాటు. అమ్మాయి ఒక్కతే వెళ్తోంది.

గోదావరి గట్టు:
అమ్మాయి అని ఇప్పుడా చెప్పడం! హాస్టలు.

2019 బ్యాచ్:
నేను అక్కడే చదివాను అంకుల్. డిసెంబరులో ఆరింటికల్లా చీకటి. పెద్ద రోడ్లు ఫరవాలేదు, సందుల్లో దీపాలు తక్కువ. రోడ్డు పక్కన 'అరిక్' అనే నీటి కాలువలు మంచు కప్పేస్తే కనిపించవు. మొదటి చలికాలం నా కాలు బెణికింది అందులోనే.

హాస్టలు అన్న ఒక్క మాటతో తేల్చకండి. 2024 మే 17 రాత్రి స్థానికుల గుంపులు వచ్చి పడింది విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీదే. ఫ్లాటులో మేం నలుగురం దీపాలు ఆర్పి, తలుపుకు మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. గేటు దగ్గర రాత్రి మనిషి ఉంటాడా, ఆసుపత్రి క్లాసులకు ఎంత దూరం, తిరిగి వచ్చేసరికి ఎన్ని గంటలవుతుంది? అక్కడ చదివే అమ్మాయినే వీడియో కాల్‌లో అడగండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకు మాత్రం వద్దు. నచ్చకపోతే వచ్చే ఏడు మారుద్దాం అనుకోకండి, ఇంటర్న్‌షిప్పుతో సహా అంతా ఒకే సంస్థలో చేయాలి.

లెక్కల మాస్టారు:
నేను చెప్పబోయిందీ అదే. 2022లో యుద్ధం వల్ల ఉక్రెయిన్ పిల్లలకు కాలేజీ మారేందుకు ప్రత్యేకంగా సడలింపు ఇచ్చారు, అందరికీ ఇవ్వరు. అన్నట్టు, అక్కడ చాలా చోట్ల ఇచ్చే పట్టా ఎంబీబీఎస్ కాదు, ఎండీ.

గోదావరి గట్టు:
ఆ ఎండీ మన ఎండీ కాదు, మనది ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ.

లెక్కల మాస్టారు:
అవునని నేనెక్కడ అన్నాను? పట్టా మీది పేరు చెప్పాను.

గోదావరి గట్టు:
ఇక్కడ ఎంబీబీఎస్‌తో సమానమే కదా, ఎంబీబీఎస్ అంటే తప్పేమిటి?

లెక్కల మాస్టారు:
తప్పే. పట్టా మీద ఉన్న పేరు అది కాదు.

వరంగల్ తండ్రి:
హాస్టలు ఉన్నదానికే కట్టేశాను. అక్కడి అమ్మాయి ఫోను తిప్పి గేటు చూపించింది. కుర్చీ ఉంది, మనిషి లేడు. టీకి వెళ్లాడట. అందరికీ థాంక్స్.