విరాళాలకు 80జీ పన్ను మినహాయింపు లేకుండా పోయాక మీరు ఇచ్చేది తగ్గిందా?

పద్దుల పుస్తకం:
మా ఊళ్లో తల్లిదండ్రులు లేని పిల్లల హాస్టల్ ఒకటుంది. ఏడేళ్లుగా దానికి లెక్కలు రాసిపెడుతున్నాను. మార్చి వచ్చిందంటే ఫోన్ ఆగేది కాదు. "31లోపు తేదీ వేసి రసీదు ఇస్తారా, పాన్ నంబర్ పంపమంటారా" అని అడిగేవాళ్లు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్ అయింది. అందులో 80జీ మినహాయింపు లేదు. 2025 బడ్జెట్‌లో రిబేటు పెంచి 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేకుండా చేశారు. మా వాళ్లలో చాలామంది అటే వెళ్లిపోయారు. ఈ మార్చిలో రసీదు పుస్తకం సగం కూడా నిండలేదు. ఇన్నాళ్లూ వీళ్లు పన్ను కోసమే ఇచ్చారా? మీ సంగతి నిజంగా చెప్పండి.

గుప్పెడు బియ్యం:
రసీదు కోసం ఇచ్చింది దానమెలా అవుతుందండీ? గుప్తదానం అనే మాట మనకు ఊరికే రాలేదు. మా అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ డబ్బా మఠానికి వెళ్లేది. బియ్యానికి, బట్టలకు 80జీ ఎప్పుడూ వర్తించలేదు, డబ్బుకే. అయినా ఆవిడ ఒక్క నెల మానలేదు. పైగా ఇప్పుడు పన్ను తగ్గి చేతిలో ఇంకాస్త మిగులుతోంది కదా. మానేసినవాళ్లకు మొదటినుంచీ మనసు లేదనే అంటాను.

నెలజీతం:
అంత మాట అనకండి. లెక్క చూద్దాం. 30 శాతం స్లాబులో ఉన్నాయన మామూలు ట్రస్టుకు 10,000 ఇచ్చాడనుకుందాం. అందులో 50 శాతమే మినహాయింపు, అంటే 5,000. దాని మీద తగ్గే పన్ను, సెస్సుతో కలిపి 1,560. మిగతా 8,440 ఆయన జేబులోదే. 1,560 మిగుల్చుకోవడానికి 8,440 వదులుకునే మనిషి ఉంటాడా?

మరెందుకు తగ్గింది అంటారా? నా సంగతి చెప్తాను. జనవరిలో ఆఫీసు వాళ్లు ఎల్‌ఐసీ రసీదులు, అద్దె రసీదులు పెట్టమనేవాళ్లు. అప్పుడు ఒక ఆదివారం కూర్చుని ఏడాది లెక్క మొత్తం తీసేవాడిని. ఎవరికి ఏమిచ్చాను, ఎవరికి ఇవ్వలేదు అన్నీ అప్పుడే కళ్లముందుకు వచ్చేవి. కొత్త విధానంలోకి మారాక ఆ ఆదివారమే లేదు. మనసు అదే, గుర్తు చేసేదే పోయింది.

డాలస్ నుంచి:
అమెరికాలో మాకిది 2018లోనే అనుభవమైంది. స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులు చూపించకుండానే అందరికీ వచ్చే మినహాయింపు, దాదాపు రెట్టింపు చేశారు, దంపతులకు 24,000 డాలర్లు. దాంతో విరాళాల లాంటి మినహాయింపులు విడిగా చూపించేవాళ్లు సుమారు మూడోవంతు నుంచి పదోవంతుకు పడిపోయారు. నేనూ చూపించడం మానేశాను. గుడికి ఇవ్వడం మానలేదు, అక్కడికి ప్రతి వారం వెళ్తాను కాబట్టి. కానీ డిసెంబర్ చివరి వారంలో ఊళ్లో బడి కోసం ఇక్కడ రిజిస్టరైన సంస్థకు పంపేది మాత్రం రెండేళ్లు తప్పిపోయింది. అందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. 2026 నుంచి విడిగా చూపించని దంపతులకు కూడా 2,000 డాలర్ల దాకా మినహాయింపు మళ్లీ ఇచ్చారు. అంత చిన్న మొత్తమైనా మంచిదే.

కరణం గారి మనవడు:
మరి దొంగ రసీదుల మాటేమిటి? కమీషన్ పట్టుకుని మిగతాది వెనక్కిచ్చే ట్రస్టులు మనం చూడనివా? 80జీ పోతే నిజాయితీగా ఇచ్చేవాళ్లకు పోయేది కొంచెమే.

నెలజీతం:
అందుకేగా నగదు 2,000 దాటితే మినహాయింపు లేదన్నారు. ఇప్పుడు ట్రస్టే దాత పేరు, పాన్ నంబర్ ఆదాయపు పన్ను శాఖకు పంపి విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. దొంగతనానికి తాళం వేశాక ఇల్లే మూసేయడం ఎందుకు? కొత్త విధానంలోనూ ఒక చిన్న పరిమితి దాకా 80జీ ఉండాలి.

పద్దుల పుస్తకం:
నెలజీతం గారూ, మీరన్నది చూశాక పాత రసీదు పుస్తకాలు తీశాను. ఒకాయన ఏటా మార్చి 28నో 29నో స్కూటర్ మీద వచ్చేవారు. 5,000 ఇచ్చి, రసీదు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. వెళ్లేముందు వంటింట్లోకి తొంగిచూసి "ఈ పూట ఏం కూర?" అని అడిగేవారు. ఈసారి రాలేదు. మొహమాటపడుతూనే నిన్న ఫోన్ చేశాను. "అయ్యో, మార్చి ఎప్పుడు వెళ్లిపోయిందో చూసుకోలేదండీ" అన్నారు. సాయంత్రానికి డబ్బు పంపారు. రసీదు అడగలేదు, పిల్లల పరీక్షలు ఎలా రాశారని అడిగారు. ఇకమీదట మార్చి కోసం చూడను. జూన్‌లో నోటు పుస్తకాలు కొనే వారం నేనే అందరికీ ఫోన్ చేస్తాను.

గుప్పెడు బియ్యం:
మనసు లేదన్న మాట ఆయన విషయంలో వెనక్కి తీసుకుంటున్నాను. అందరి విషయంలో మాత్రం కాదు. మీ హాస్టల్‌కు బియ్యం తీసుకుంటారా?

పద్దుల పుస్తకం:
తీసుకుంటామండీ. 80జీ రసీదు రాదు గానీ స్టాకు పుస్తకంలో మీ అమ్మగారి పేరు రాస్తాను. సన్నబియ్యమే కానక్కర్లేదు, పురుగు లేకపోతే చాలు.