సీలెంట్ పూస్తే సన్నగీతలు పోతాయా, దాగుతాయా?

ఓరుగల్లు నలుపు: హన్మకొండలో ఒక వాటర్ వాష్ సెంటర్‌లో ఎండాకాలం సీలెంట్ (పెయింటుకు రక్షణగా పైన పూసే పాలిమర్ పూత) వేయించాను. నల్ల కారు. బానెట్ మీద సాలెగూడులా కనిపించే గీతలన్నీ మాయమయ్యాయి. నాలుగు వానలు పడ్డాయో లేదో, మళ్లీ అవే. అడిగితే "కొత్త గీతలు సార్, మీరు సరిగా తుడవడం లేదు" అంటున్నారు. ఇంత త్వరగా అన్ని పడతాయా?

కాజీపేట వాసి: అవి పాత గీతలేనండి. గీత అంటే క్లియర్ కోటులో, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలో, సన్నటి గాడి. దాని అంచు దగ్గర వెలుతురు చెదిరి తెల్లగా మెరుస్తుంది. గాలి వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1, క్లియర్ కోటుది దాదాపు 1.5. సీలెంట్‌లోని పాలిమర్‌ది కూడా ఇంచుమించు అంతే. అది గాడిలో నిండితే వెలుతురుకు అంచు తగలదు, గీత మన కంటికి ఆనదు. గాడి మాత్రం ఎక్కడికీ పోదు. అన్నట్టు, ఆ గుండ్రటి ఆకారం కూడా వెలుతురు చేసే తమాషానే. గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి.

మానేరు గట్టు: చిన్న సవరణ. ఆరిన సీలెంట్ పొర చాలా పలుచన, దాని కింద దాగేవి మరీ సన్నటి గీతలే. అన్నీ మాయమయ్యాయంటే ముందుగా గ్లేజ్, అంటే గాడులను తాత్కాలికంగా నింపే ఫిల్లర్లున్న క్రీము, పూసి ఉంటారు. గ్లేజ్ నాలుగైదు వాష్‌లకే దిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి, బానెట్ మీద ఇంకా నునుపుగా కనిపించే చోట జానెడు మేర మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఫోను టార్చి పక్కవాటుగా వేసి చూడండి. తుడిచినంత మేర గీతలు తేలితే అవి కొత్తవి కావు.

గోదావరిఖని డ్రైవరు: దాచడం మోసమేమీ కాదు. దాచి "తీసేశాం" అనడమే మోసం. క్లియర్ కోటు మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. బఫింగ్ (మెషీన్‌తో పాలిష్ పట్టడం) చేసిన ప్రతిసారీ అందులోంచి కొంత అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. మా దగ్గర తెల్లారేసరికి కారు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత బొగ్గు ధూళి. ఇక్కడ ఏటా బఫింగ్ అంటే పెయింటును చేజేతులా అరగదీసుకోవడమే. పెళ్లికో పండగకో గ్లేజ్ పూసి, పైన సీలెంట్ వేసుకుంటే నాకు చాలు.

మానేరు గట్టు: ఒప్పుకుంటాను. మా కరీంనగర్‌లో గ్రానైట్ లారీల వెనక లేచే పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, గీత పెట్టడానికి బొగ్గుకన్నా అదే గట్టిది. పొడి గుడ్డ ముట్టించారో, బానెట్ సంగతి అంతే. ముందు నీళ్లు ధారగా పోసి ధూళి దించాకే గుడ్డ.

జనగామ తెలుపు: తెల్ల కారు కొనుక్కోండి. గీతలుంటాయి, మనశ్శాంతీ ఉంటుంది.

ఓరుగల్లు నలుపు: ఆల్కహాల్‌తో తుడిచి చూశాను. వైపర్ల దగ్గర నిన్నటిదాకా నున్నగా ఉన్న మూలలో గీతలు తేలాయి. ఇక అసలు పాలిషే చేయించాలా?

కాజీపేట వాసి: గోటికి తగిలే గీతలైతే వదిలేయండి. తగలనివైతే ఒక్కసారి సన్నటి పాలిష్ చాలు. మొదలుపెట్టే ముందు మీటరుతో పెయింటు మందం కొలవమనండి. మీటరు లేదంటే బండి వెనక్కి తిప్పండి. పాలిష్ అయ్యాక ఆల్కహాల్‌తో తుడిపించి, మీరు చూశాకే సీలెంట్ వేయనివ్వండి.