వేర్వేరు ఊళ్లలో ఉండి కలిసి లైవ్ ఎలక్ట్రానిక్ సంగీతం: బీట్ జారకుండా వాయించేది ఎలా?

ప్రశ్న:
నేను డ్రమ్ మెషిన్, బేస్ చూసుకుంటాను. నా మిత్రుడు సింథసైజర్ మీద సాగే స్వరాలు, ఆర్పెజియోలు (స్వరసమూహంలోని స్వరాలు ఒకదాని వెంట ఒకటి పలకడం) వాయిస్తాడు. మా మధ్య దూరం 1,500 కిలోమీటర్లు. ఇద్దరం కలిసి గంటసేపు ప్రత్యక్ష ప్రసారం ఇవ్వాలని ఉంది. వీడియో కాల్‌లో వాయించి చూస్తే అతని సాగే స్వరం రెండు మూడు సెకన్లకే అణగిపోతోంది. నేను ప్యాడ్‌ల మీద చేత్తో వాయిస్తే వేగం క్రమంగా తగ్గుతోంది. మెషిన్‌కు వదిలేస్తే అతని ఆర్పెజియో నాకు వెనకబడి వినిపిస్తోంది, అతనికి మాత్రం సరిగ్గానే ఉందట. సంగీత ప్రోగ్రాముల వేగాన్ని కలిపి ఉంచే ఏబుల్టన్ లింక్‌లో ఒకరి కంప్యూటర్ మరొకరికి కనిపించడం లేదు. ఎక్కడ సరిచేసుకోవాలి?

మొదటి జవాబు:
స్వరం అణగిపోవడానికి కారణం ఆ ప్రోగ్రామే. వీడియో కాల్‌లు మాటల కోసం తయారైనవి. మార్పు లేకుండా సాగే ధ్వనిని ఫ్యాన్ హోరులా లెక్కగట్టి తీసేస్తాయి. కాల్‌ను ఒకరినొకరు చూసుకోవడానికి ఉంచుకుని, అందులో మైకు, స్పీకరు రెండూ ఆపేయండి. ధ్వని కోసం, నెట్ మీదుగా తక్కువ ఆలస్యంతో దాన్ని పంపే సోనోబస్ గానీ జాక్‌ట్రిప్ గానీ వాడండి. ఇద్దరూ శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలన్నది) 48,000 హెర్ట్జ్ పెట్టుకోండి, వైఫై మానేసి కేబుల్ తగిలించండి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

ఇక లింక్ అనేది ఒకే స్థానిక నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాల కోసం చేసింది. ఇంటర్నెట్ మీదుగా దానంతట అది పనిచేయదు. యంత్రాలకు వేగం చెప్పే మిడి క్లాక్ సంకేతాన్ని కూడా నెట్ మీదుగా పంపకండి. ఒక్కో బీట్‌కు 24 పల్స్‌లు వెళ్లాలి. అవి దారిలో ముందూ వెనకా అయితే అవతలి సింథ్ వేగం వణుకుతుంది.

రెండో జవాబు:
పై సూచనలన్నీ సరైనవే. అయితే ఆలస్యాన్ని సున్నా చేద్దామని మాత్రం కూర్చోకండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే మీ దూరానికి తిన్నగా వెళ్లినా 7.5 మిల్లీసెకన్లు. దానికి చుట్టు మార్గాలు, రౌటర్లు, సౌండ్ కార్డుల బఫర్లు (ధ్వనిని కాసేపు నిలిపి ఉంచే నిల్వలు) కలుస్తాయి. ఒకవైపు ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే ఒకరి దెబ్బ కోసం మరొకరు తెలియకుండానే ఆగుతారు. మీ వేగం తగ్గుతున్నది అందుకే.

మీరు గమనించిన ఒక విషయంలోనే పరిష్కారం ఉంది: మీ మిత్రుడికి అంతా సరిగ్గానే వినిపిస్తోంది. కాబట్టి సంగీతాన్ని ఒకే దిశలో నడపండి. మీ డ్రమ్స్, బేస్ అతనికి వెళ్తాయి. అతను వాటి మీద వాయిస్తాడు. రెండూ కలిసిన మిక్స్ అతని కంప్యూటర్ నుంచే ప్రసారం కావాలి. అప్పుడు శ్రోతలకు మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. మీరు అతని ధ్వనిని తక్కువగా పెట్టుకుని, సంగీతం తీరు ఎటు మారుతోందో తెలుసుకోవడానికి మాత్రమే వినండి. దాని లయను అనుసరించకండి. ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది, సాధన చేయాలి.

ఆర్పెజియో కోసం ఎడమ ఛానెల్‌లో డ్రమ్స్, బేస్ కలిపి, కుడి ఛానెల్‌లో సింక్ పల్స్ (అతని సింథ్ ఆర్పెజియోకు వేగం చెప్పే చిన్న టిక్కులు) మాత్రమే పంపండి. సోనోబస్‌లో కుదింపు లేని పీసీఎం అనే ధ్వని రూపాన్ని ఎంచుకుంటే పల్స్ అంచులు మెత్తబడవు. వోల్కా లాంటి చిన్న సింథ్ యంత్రాలకు ఒక్కో బీట్‌కు రెండు పల్స్‌లు చాలు. డ్రమ్స్, పల్స్ ఒకే ప్రవాహంలో వస్తాయి కాబట్టి ఎంత ఆలస్యమైనా రెండూ కలిసే చేరతాయి. కుడి ఛానెల్ మాత్రం ప్రసారంలోకి పోకుండా చూసుకోమనండి.

మూడో జవాబు:
ఇద్దరూ ఒకరినొకరు వినే వాయించాలనుకుంటే నింజామ్ అనే ప్రోగ్రామ్ చూడండి. అది ఆలస్యాన్ని ఒక పూర్తి ఆవర్తనం దాకా పెంచుతుంది. 120 బీపీఎం (నిమిషానికి బీట్లు) వేగంలో 16 బీట్ల ఆవర్తనమంటే 8 సెకన్లు. అవతలివారు గత ఆవర్తనంలో వాయించినది మీకు ఇప్పుడు తాళంలో వినిపిస్తుంది. ఒకే శ్రుతి మీద నిలిచే సంగీతానికి అద్భుతంగా కుదురుతుంది, తరచూ స్వరసమూహాలు (కార్డ్స్) మారే పాటకు కుదరదు. కంప్యూటర్ కోడ్ రాసి వాయించేవారైతే ఎస్చువరీ, ఫ్లోక్ అనే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో నెట్ మీద వెళ్లేది అక్షరాలే, ధ్వని ఎవరి కంప్యూటర్‌లో వారికి పుడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఒకే దిశ పద్ధతిలో వాయించాం, ఆర్పెజియో చక్కగా అతుక్కుంది. మధ్యమధ్యలో చిటపటలు వస్తున్నాయి, ఒక్కోసారి పల్స్ కూడా ఎగిరిపోతోంది.

రెండో జవాబు ఇచ్చినవారు:
ధ్వనిని మోసుకొచ్చే ప్యాకెట్లు (డేటా ముక్కలు) కొన్ని దారిలో తప్పిపోతున్నాయి. మిత్రుడి వైపు జిట్టర్ బఫర్‌ను (ముందూ వెనకా వచ్చే ప్యాకెట్లను సర్ది పంపే నిల్వను) ధైర్యంగా 150 మిల్లీసెకన్ల దాకా పెంచమనండి. మీరు అతని లయను అనుసరించడం లేదు కాబట్టి ఈ పద్ధతిలో ఆలస్యం ఎవరికీ అడ్డు కాదు. అలాగే బఫర్‌ను ఆటోమేటిక్‌గా వదలకండి. వాయిస్తుండగా అది మారితే బీట్ ఒక్కసారి కుదుపుతుంది. మీ లైను పూర్తిగా తెగిపోతే నడిపించడానికి అదే బీపీఎంలో ఒక డ్రమ్ లూప్‌ను అతని దగ్గర సిద్ధంగా ఉంచండి. ఎవరి భాగాన్ని వారు తమ కంప్యూటర్‌లో రికార్డు చేసుకుంటే తర్వాత శుభ్రమైన మిక్స్ చేసుకోవచ్చు.