తడవని గోల్ఫ్ బ్యాగ్: 200 డాలర్లలో మన్నికైనది దొరుకుతుందా?

బోథెల్_శనివారం:

అందరికీ నమస్కారం. నేను సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాను, గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఆఫీసులో నలుగురం కలిసి శనివారం పొద్దున్నే జాక్సన్ పార్క్ గోల్ఫ్ కోర్సులో ఆడతాం. కార్ట్ తీసుకోం, బ్యాగ్ భుజాన వేసుకుని నడుస్తాం. ఇక్కడ అక్టోబరు వచ్చిందంటే మళ్లీ వసంతం దాకా వాన వదలదు. మన వైపు పడే జడివాన కాదిది, పూటంతా సన్నటి తుంపర, గొడుగు తెరవాలా వద్దా అన్నట్టు ఉంటుంది. మొదట్లో వాన రోజు మానేద్దాం అనుకున్నాం కానీ అలా మానుకుంటూ పోతే ఏడాదిలో సగం శనివారాలు పోతాయి.

సమస్య నా బ్యాగ్‌తో. ఆన్‌లైన్‌లో 110 డాలర్లకి కొన్నాను, దాని మీద వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉంది. రెండు వారాల కింద పన్నెండో హోల్‌లో (ఆట మొత్తం 18 హోల్స్) 7 ఐరన్ (బంతి కొట్టే కర్రల్లో, అంటే క్లబ్బుల్లో ఒకటి) బయటికి లాగితే గ్రిప్ (చేత్తో పట్టుకునే చోటు) మొత్తం నానిపోయి ఉంది, చేత్తో నొక్కితే నీళ్లు కారాయి. బ్యాగ్ ఒంపి చూస్తే అడుగు నుంచి అర గ్లాసు నీళ్లు వచ్చాయి. పెద్ద జేబులో పెట్టుకున్న స్వెటర్ తడిసి ముద్దయింది, స్కోర్‌కార్డు పిండి అయిపోయింది. అలసిపోయి బ్యాగ్ అలాగే కారు ట్రంక్‌లో వదిలేసి, బుధవారం తెరిస్తే ఒకటే ముక్కిపోయిన వాసన. మా ఆవిడ పుట్టినరోజుకి కొనిచ్చిన హెడ్‌కవర్ (డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ తలకి తొడిగే తొడుగు) లోపలంతా బూజు. అది చూసి చాలా బాధేసింది.

ఇప్పుడు కొత్తది కొందామని చూస్తుంటే అన్నిటి మీదా వాటర్‌ప్రూఫ్ అనే రాస్తున్నారు, పేరున్న కంపెనీలవి 300 డాలర్లు పైనే ఉన్నాయి. నా బడ్జెట్ 200. నవంబరులో చాంబర్స్ బే గోల్ఫ్ కోర్సుకి వెళ్దామని ఫ్రెండ్స్ అంటున్నారు, అక్కడ నడకే కాబట్టి బరువు కూడా చూసుకోవాలి, నాకు నడుము నొప్పి ఉంది. నిజంగా తడవని బ్యాగ్‌ని ఎలా గుర్తుపట్టాలి? వాన దేశాల్లో ఆడేవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

గ్లాస్గో_తుంపర:

బ్రదర్, నేను స్కాట్లండ్‌లో పదకొండేళ్లుగా ఆడుతున్నాను, ఇక్కడ వాన లేని రౌండ్లు లెక్కపెట్టుకోవచ్చు. మీ అనుభవం నాకూ అయింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. నీళ్లు గుడ్డలోంచి రావడం తక్కువ, కుట్లలోంచి, జిప్పుల్లోంచి రావడం ఎక్కువ. వాటర్ రెసిస్టెంట్ అన్న బ్యాగుల్లో గుడ్డ మామూలు పాలిస్టరో నైలానో ఉంటుంది, దాని పైన నీటిని జార్చే పూత ఒకటి వేస్తారు. కొత్తలో తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంటే చూసి మనం మురిసిపోతాం. భుజానికి, ప్యాంటుకి, ట్రాలీకి (బ్యాగ్ పెట్టుకుని తోసుకెళ్లే చక్రాల బండి) రాసుకుని రాసుకుని ఒక సీజన్ తిరిగేసరికి ఆ పూత పోతుంది, అప్పటినుంచి గుడ్డ నీళ్లు తాగుతుంది. నిజమైన వాటర్‌ప్రూఫ్ బ్యాగ్‌కి గుడ్డ లోపలి వైపు ఇంకో పొర ఉంటుంది, అసలు నీళ్లు ఆపేది అది. కొన్ని కంపెనీలు దాని మీద 10,000 ఎం.ఎం. అని అంకె వేస్తాయి, అంటే పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం ఒత్తిడిని ఆ గుడ్డ ఆపగలదని. తుంపరకి అంత అక్కర్లేదు కానీ బ్యాగ్‌ని తడి గడ్డి మీద పడుకోబెట్టినప్పుడు, స్ట్రాప్ కింద గుడ్డ నలిగినప్పుడు ఒత్తిడి పడుతుంది, అక్కడ పనికొస్తుంది.

అయితే ఎంత మంచి గుడ్డ అయినా సూదితో కుట్టినప్పుడు ప్రతి కుట్టుకీ ఒక రంధ్రం పడుతుంది కదా. ఆ కుట్టు మీద లోపలి వైపు టేపు పెట్టి వేడితో అతికిస్తారు, దాన్నే సీమ్ సీల్డ్ అంటారు. షాపుకి వెళ్లినప్పుడు పెద్ద జేబు తెరిచి చెయ్యి లోపల పెట్టి కుట్టు వెంబడి వేలు పోనివ్వండి. నున్నగా బద్దలాగా తగిలితే టేపు ఉన్నట్టు, దారాలు తగిలితే లేనట్టు. రెండు నిమిషాల పని, కానీ ఇది చూసి కొన్నవాళ్లని నేను ఇద్దరినే చూశాను.

జిప్ కూడా అంతే. పళ్లు బయటికి కనబడకుండా పైన రబ్బరులాంటి పూత ఉన్న జిప్ కావాలి, చివర్లో జిప్ తల దాక్కునే చిన్న గూడు ఉంటే ఇంకా మంచిది. ఆ రకం జిప్పులు కూడా వానకి సరిపోతాయి గానీ నీళ్లలో ముంచితే ఆగవు, కాబట్టి జేబు మీద గుడ్డ మడత కూడా ఉన్నవి చూసుకోండి. ఇంకొకటి, చాలా బ్యాగుల్లో ఫోను, పర్సు పెట్టుకునే ఒక్క చిన్న జేబే వాటర్‌ప్రూఫ్, మిగతాదంతా మామూలే, కానీ అట్ట మీద పెద్దక్షరాల్లో వాటర్‌ప్రూఫ్ అనే వేస్తారు. మీరు బ్యాగ్ మొత్తం అని ఉందో, జేబు అని ఉందో చదవండి.

పేర్లు అడుగుతారు కాబట్టి: ఇక్కడ మా క్లబ్బులో ఎక్కువగా కనబడేవి బిగ్ మాక్స్ ఆక్వా, మోటోకాడీ హైడ్రోఫ్లెక్స్. మీ అమెరికాలో సన్ మౌంటెన్ హెచ్‌టూనో, టైటిలిస్ట్ స్టాడ్రై, పింగ్ హూఫర్ మాన్సూన్ దొరుకుతాయి. నాది బిగ్ మాక్స్, ఆరో ఏడు నడుస్తోంది, ఒక జిప్ బిగుసుకుపోతే కొవ్వొత్తి మైనం రుద్దాను, మళ్లీ బాగానే తిరుగుతోంది.

బరువు సంగతి మాకు చలికాలంలో బాగా తెలుస్తుంది. నేల బురదగా ఉన్నప్పుడు ఇక్కడ చాలా క్లబ్బులు ట్రాలీలు వద్దంటాయి, మోయాల్సిందే. ఖాళీ బ్యాగ్ రెండున్నర కిలోలు దాటితే మీ నడుముకి వద్దు. బ్యాగ్ నోట్లో క్లబ్బులు విడివిడిగా పెట్టుకునే 14 అరలు ఉన్నది కొనకండి, అది కార్ట్ మీద పెట్టుకునేవాళ్లకి. నాలుగైదు అరలు చాలు.

పోర్ట్‌లాండ్_అక్క:

గ్లాస్గో గారు చెప్పినదంతా నిజం, కానీ ఒకటి మర్చిపోయారు, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది అదే. బ్యాగ్ నోరు! గుడ్డ, కుట్లు, జిప్పులు అన్నీ గట్టిగా ఉండి పైన హుడ్ (బ్యాగ్ నోటిని, క్లబ్బుల్ని కప్పే టోపీలాంటి గుడ్డ) వేయకపోతే ఆ బ్యాగ్ బకెట్ అవుతుంది. పై నుంచి పడ్డ నీళ్లు బయటికి పోయే దారి లేదు, మామూలు బ్యాగ్ అయితే కింద నుంచి కారిపోయేవి, ఇందులో నిలబడతాయి. తమ్ముడూ, మీ అర గ్లాసు నీళ్లలో కొంత అలా వచ్చిందేనని నా అనుమానం. మీరు హుడ్ వేశారా?

నేను రెండేళ్ల కింద ఒరెగాన్‌లోని బ్యాండన్ డ్యూన్స్ గోల్ఫ్ కోర్సుకి వెళ్లాను, అక్కడా నడకే, సముద్రం ఒడ్డు, వాన పై నుంచి పడదు, అడ్డంగా కొడుతుంది. నా హుడ్‌కి బటన్లు ఉండేవి, ప్రతి షాట్‌కీ బటన్ తీయడం, క్లబ్ లాగడం, మళ్లీ పెట్టడం. చేతులు కొంకర్లు పోతుంటే మూడో హోల్‌కే విసుగొచ్చి హుడ్ తీసి పక్కన పడేశాను, ఇక ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. కాబట్టి షాపులోనే హుడ్ తొడిగి చూడండి. ముందు వైపు జిప్‌తోనో వెల్క్రోతోనో ఒంటిచేత్తో తెరుచుకోవాలి, డ్రైవర్ లోపల ఉన్నా కూడా నలగకుండా సరిపోవాలి. షాపువాళ్లు హుడ్‌ని ప్లాస్టిక్ కవర్లోంచి తీయనివ్వరు, అయినా అడగండి.

బ్యాగ్‌ని నిలబెట్టే కాళ్లు కూడా చూడండి. బ్యాగ్‌ని కింద పెట్టి పైన చేత్తో ముందుకి తోస్తే కాళ్లు రెండూ ఒకేసారి తెరుచుకోవాలి, ఎత్తగానే మూసుకోవాలి. అడుగున ఆ కాళ్లని తెరిచే మీట దగ్గర బురద చేరి బిగుసుకుపోతుంది, కొన్ని బ్యాగులు పాడయ్యేది అక్కడే, గుడ్డ చిరిగి కాదు. రౌండ్ అవ్వగానే అక్కడ నీళ్లు పోసి కడిగితే ఏళ్ల తరబడి వస్తుంది. స్ట్రాప్ బ్యాగ్‌కి కలిసే చోట కుట్టు ఎన్ని వరసలు ఉందో కూడా చూసుకోండి, బరువంతా మోసేది ఆ చోటే.

డబ్బు విషయానికి వస్తే, మీ 200లో కొత్త మోడల్ కష్టం, కానీ పాత మోడల్ సుఖంగా వస్తుంది. వసంతానికి ముందు కొత్త రంగులు దింపుతారు, దానికి ముందు రెండు మూడు నెలలు పోయిన ఏడాదివాటి ధర తగ్గించేస్తారు. రంగు తప్ప తేడా ఏమీ ఉండదు చాలాసార్లు. నాది అలాగే కొన్నాను, నిమ్మపండు రంగు, ఎవరూ కొనలేదేమో, 310 ఉన్నది 185కి ఇచ్చారు. కాస్ట్‌కోలో కూడా అప్పుడప్పుడు బ్యాగులు వస్తాయి, వెళ్లినప్పుడల్లా ఓ కన్ను వేసి ఉంచండి.

ఇక ఆ బూజు. ఎంత ఖరీదైన బ్యాగ్ అయినా తడి లోపల మూసిపెడితే బూజు పడుతుంది, పైగా వాటర్‌ప్రూఫ్ బ్యాగ్‌లో గాలి ఆడదు కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది. ఇంటికి రాగానే క్లబ్బులన్నీ బయటికి తీసి గ్రిప్పులు పొడి గుడ్డతో తుడిచి గోడకి ఆనించండి, హెడ్‌కవర్లు విప్పండి, జేబులన్నీ తెరిచి బ్యాగ్‌ని తలకిందులుగా నిలబెట్టండి. హీటర్ పక్కన మాత్రం పెట్టకండి. మీ హెడ్‌కవర్ పారేయకండి, ఊలుది అయితే చల్లటి నీళ్లలో కొంచెం వెనిగర్ వేసి నానబెట్టి నీడలో ఆరబెడితే వాసన పోతుంది, నాది పోయింది.

గోల్కొండ_ఆదివారం:

అన్నా, నేను హైదరాబాద్ నుంచి. గోల్కొండ నయా ఖిల్లా లోపలి కోర్సులో ఆడతాను. ఇది చదివి మన దగ్గరివాళ్లు కూడా అంత పెట్టి కొంటారేమో అని రాస్తున్నా.

మాకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలే కానీ మీకులాగా పూటంతా నానబెట్టే వాన కాదు, వస్తే కుండపోత, ఉరుములు మొదలైతే ఆట ఆపేసి క్లబ్‌హౌస్‌కి పరిగెత్తాల్సిందే. పరిగెత్తే ఆ పది నిమిషాలు వానకి తట్టుకుంటే చాలు మా బ్యాగ్. మంచి హుడ్, మందంగా ఉన్న గుడ్డ, లోపల ఫోనుకి ఒక జిప్‌లాక్ కవర్, అంతే. మాకు శత్రువు వాన కంటే ఎండ. నేను 2019లో విదేశం నుంచి వచ్చిన చుట్టంతో ఒక వాటర్‌ప్రూఫ్ బ్యాగ్ తెప్పించుకున్నా, చాలా ఇష్టంగా వాడుకున్నా. ఎప్పుడూ కారు డిక్కీలోనే ఉండేది. మూడో ఎండాకాలానికి లోపలి పొర జిగురు జిగురుగా అయి పొలుసుల్లా ఊడటం మొదలైంది, చెయ్యి పెడితే నల్లగా అంటుకునేది, బాల్స్‌కి కూడా అంటింది. తర్వాత తెలుసుకుంటే ఆ పాలీయురెథేన్ పూత వేడికీ గాలిలో తేమకీ అలాగే విడిపోతుందట. టీపీయూ (అదే జాతి ప్లాస్టిక్‌లో ఇంకో రకం) పూత అయితే ఇంకొంచెం తట్టుకుంటుందని చెప్పారు. కాబట్టి ఎక్కడున్నా సరే బ్యాగ్‌ని కారులో కాపురం పెట్టనివ్వకండి, ఇంట్లోకి తెచ్చుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ముందు జేబు లోపల చెయ్యి పెట్టి రుద్ది చూడండి, అంటుకుంటుంటే వదిలేయండి.

బోథెల్_శనివారం:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. అక్కా, మీరు అన్నది నిజం, నేను హుడ్ వేయలేదు, అది ఇంట్లో అల్మారాలో ఉంది, ఎందుకో తెలియక పక్కన పెట్టేశాను. ఒక డౌట్. ఆన్‌లైన్‌లో కొంటే కుట్టు తడిమి చూడలేం కదా, వచ్చాక ఎలా టెస్ట్ చేయాలి? వానలో తీసుకెళ్తే గడ్డి, మట్టి అంటుకుని రిటర్న్ తీసుకోరేమో అని టెన్షన్.

గ్లాస్గో_తుంపర:

ముందు వాళ్ల రిటర్న్ షరతులు చదువుకోండి, తడిపితే తీసుకోం అనేవాళ్లూ ఉంటారు. అభ్యంతరం లేదంటే బాత్‌టబ్‌లో నిలబెట్టండి. క్లబ్బులు వద్దు. ప్రతి జేబులో రెండు పొడి టిష్యూలు, అడుగున ఒక పేపర్ టవల్ మడిచి పెట్టి, హుడ్ తొడిగి, షవర్ సన్నగా పెట్టి పది నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పండి, వీపు వైపు కూడా తడవాలి. తర్వాత పైన తుడిచేసి ఒక్కో జేబు తెరవండి, టిష్యూ చెబుతుంది. జిప్ మూలల్లో కొంచెం చెమ్మ పట్టినా పర్వాలేదు. కుట్టు వెంబడి గీతలా తడి కనబడితే మాత్రం ఆ రోజే వెనక్కి పంపండి, అది రోజురోజుకీ పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఇంకో మాట, గ్రిప్పులు ఎలాగూ కొంత తడుస్తాయి. రెండు రెయిన్ గ్లవ్స్ కొనుక్కోండి, తోలు గ్లవ్ వానలో జారిపోతుంది, ఇవి తడిసేకొద్దీ పట్టు పెంచుతాయి. రెండు చేతులకీ వేసుకోవాలి.

బోథెల్_శనివారం:

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. మొదట తెప్పించినది, తడిపి చూసి నచ్చకపోతే తీసుకుంటామన్న షాపులోనే కొన్నాను, అయినా షవర్ టెస్ట్‌లో పోయింది. స్ట్రాప్ కలిసే చోట కుట్టు కింద టిష్యూ పూర్తిగా తడిసింది, మిగతావన్నీ పొడిగా ఉన్నాయి, చూడకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. వెనక్కి పంపేశాను. రెండోది ఇక్కడే షాపులో పోయినేడాది మోడల్, ముదురు ఆకుపచ్చ, 179 డాలర్లు, ఖాళీ బరువు 2.3 కిలోలు. జేబులో చెయ్యి పెట్టి టేపు తడిమి చూస్తుంటే షాపతను కూడా వచ్చి పక్క బ్యాగుల్లో వేలు పెట్టి చూశాడు.

మొన్న శనివారం పొద్దున ఏడింటి నుంచి వాన. హుడ్ ముందు జిప్ ఒంటిచేత్తో వస్తోంది. పద్దెనిమిదో హోల్ అయ్యాక పెద్ద జేబులోంచి స్వెటర్ తీసి వేసుకున్నాను, వెచ్చగా ఉంది. హెడ్‌కవర్ వెనిగర్‌లో రెండుసార్లు నానబెట్టాల్సి వచ్చింది అక్కా, కానీ వాసన పోయింది, ఇప్పుడు హాల్లో బ్యాగ్ పక్కనే ఆరుతోంది.