హాకీ రింకులో "చిర్ప్" అంటారే, అది మన "కూత" కాదూ?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలని వారం నుంచి అనుకుంటున్నా, కొంచెం పెద్ద పోస్టే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేం కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటాం. మా వాడికి పదకొండేళ్ళు, నాలుగేళ్ళ నుంచి ఐస్ హాకీ ఆడుతున్నాడు. పోయిన శనివారం పొద్దున్నే ఆరున్నరకి మ్యాచ్. రింకు అంటే మంచు పరిచిన ఆటస్థలం, లోపల కూడా చలే, నేను గాజు పలక పక్కన కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని నించున్నా. ఆట ఆగి మళ్ళీ మొదలెట్టేటప్పుడు ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా వంగి నిలబడతారు కదా, అవతలి టీం పిల్లాడు మా వాడి కర్ర కేసి చూసి "ఆ టేపు మీ అమ్మ చుట్టిందా?" అన్నాడు. గాజు పక్కనే ఉన్నా కాబట్టి నాకు స్పష్టంగా వినబడింది. నిజంగానే ముందురోజు రాత్రి ఆ టేపు చుట్టింది నేనే. నాకు మనసు చివుక్కుమంది. కారెక్కాక "బాధేసిందా నాన్నా" అంటే వాడు "అమ్మా, అది చిర్ప్ అంతే, నేనూ వాడి షూ లేసుల మీద ఒకటి అన్నా" అని చాలా మామూలుగా చెప్పాడు.

సాయంత్రం గుడివాడకి ఫోన్ చేసి మా అమ్మతో ఈ సంగతి చెప్తుంటే చిర్ప్ అన్న మాట దగ్గర ఆగిపోయా. తిట్టాడు అంటే తప్పు, అది తిట్టు కాదు. ఎగతాళి అంటే సరిపోలేదు, ఎగతాళి నలుగుర్లో నవ్వించడానికి చేస్తారు, ఇది అవతలివాడి చెవిలో వేసే మాట. నేను తడబడుతుంటే మా అమ్మే అడిగింది, "ఇంతకీ ఏం కూశాడే వాడు?" అని.

అంతే, నాకు ఒళ్ళు జల్లుమంది. ఇంగ్లీషులో చిర్ప్ అంటే పిట్ట కూత. రింకులో దాన్నే నోటి దురుసుకి వాడుకున్నారు. మనం కూడా సరిగ్గా ఇదే దారిలో వెళ్ళాం! కోడి కూస్తుంది, కోయిల కూస్తుంది, రైలు కూస్తుంది, కానీ మనిషి కూశాడంటే అక్కర్లేని మాటేదో అన్నాడని. దీనికి తోడు మా నాన్నగారి కాలంలో చెడుగుడు ఆడేవాళ్ళు "కూతకి వెళ్ళాడు" అనేవాళ్ళు, ఊపిరి తియ్యకుండా చెడుగుడు చెడుగుడు అంటూ అవతలి బరిలోకి పోయి వాళ్ళని ముట్టుకుని రావాలి, కూత ఆగిందా అవుటే. పిట్ట, ఆట, నోటి దురుసు, మూడూ ఒక్క మాటలో ఉన్నాయి మనకి. చిర్పింగ్‌కి "కూతలు" అంటే మీకు ఎలా అనిపిస్తోంది? హాకీ చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పక చెప్పండి.

జవాబు (కరీంనగర్ నుంచి)

అక్కా, పోస్టు మస్తుగుంది గానీ కూత అంటే మా దిక్కు జర గట్టి మాట. "ఏం కూస్తున్నవ్‌రా" అన్నరంటే ఇగ లొల్లి షురూ అయినట్టే. మీ బాబుకి ఏం ఫరక్ పడలేదు అన్నరు కదా, మరి దానికి మేమైతే "గెలుకుడు" అంటం. ఊకే ఉన్నోన్ని గెలికిండు, కిరికిరి పెట్టిండు, అట్ల. ఇంకోటి, హాకీ నేను చూడలే, అడుగుతున్న, గెలికితే వానికి ఏమొస్తది? క్రికెట్ల స్లెడ్జింగ్ అంటే బ్యాట్స్‌మన్ ధ్యాస పోవాలె అని. ఇండ్ల ఏంది లాభం?

జవాబు (టొరంటో నుంచి)

లాభం ఏంటో నేను చెప్తా తమ్ముడూ, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా ఈ ఆట.

హాకీలో మంచు మీద ఒక్కో జట్టుకి గోలీతో (గోల్ కాపలా కాసేవాడు) కలిపి ఆరుగురు. తప్పు చేసినవాడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవాలి, చిన్న తప్పుకి 2 నిమిషాలు, ఆ 2 నిమిషాలూ వాడి జట్టు ఒక మనిషి తక్కువతో నెట్టుకురావాలి, అవతలివాళ్ళు గోల్ కొడితే తప్ప వాడు ముందు బయటికి రాడు. అంటే అవతలివాణ్ణి ఉడికించి వాడు కోపంతో కర్రతో ఒకటి తగిలించేలా చేస్తే నువ్వు బంతాట ఆడకుండానే నీ జట్టుకి మేలు చేసినట్టు. (బంతి కాదు, పక్ అంటారు, గుండ్రటి రబ్బరు బిళ్ళ, అలవాటుగా వచ్చేసింది.) అందుకే నా ఓటు "ఉడికించడం"కి. లోపల మంట పెట్టడమే అక్కడ పని, ఆ మాటలోనే ఉంది.

అసలు తమాషా కొట్లాట దగ్గర ఉంది. ఇద్దరు గ్లవ్స్ కింద పడేసి కొట్టుకుంటే, ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇద్దరికీ చెరో 5 నిమిషాలు, మామూలుగా మంచు మీద లెక్క సమానంగానే ఉంటుంది. సమానమే కదా అనుకుంటాం. కానీ ఒకడేమో రాత్రంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు ఆడే నాలుగో వరస వాడు, ఇంకొకడు ఆ జట్టుకి గోల్స్ కొట్టే హీరో అనుకో, ఎవరికి నష్టం? 20 నిమిషాల పీరియడ్‌లో పావు వంతు ఆ హీరో డబ్బాలో కూర్చున్నాడు. "కూసే గాడిద వచ్చి మేసే గాడిదని చెడగొట్టింది" అని మన సామెత, అది హాకీ కోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది నాకు.

మొదటి పోస్టు పెట్టినావిడ

అన్నా, మీరు ఉడికించడానికి ఓటేస్తూ నా కూతకే సామెత తెచ్చిపెట్టారు! ఈ సామెత చిన్నప్పట్నుంచీ వింటున్నా గానీ ఇలా లెక్కతో సహా అర్థమవడం ఇదే మొదటిసారి. మేసే గాడిద మేత పోయింది, కూసేదానికి పోయిందేం లేదు.

నాకు ఇప్పుడు ఇంకో తేడా తోస్తోంది. ఉడికించడం అనేది ఫలితం వైపు నుంచి చెప్పే మాట, గెలకడం చేసే పని వైపు నుంచి. కూత నోటి వైపు నుంచి. ముగ్గురం ఒకే ఏనుగుని తడుముతున్నాం అనిపిస్తోంది. 2008 ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు షాన్ ఏవరీ చేసింది చూడండి, అవతలి గోలీ మార్టిన్ బ్రోడర్ ముందు నిలబడి, ఆటకి వీపు పెట్టి, ఆయన మొహం ముందు చేతులూ కర్రా ఊపుతూ అడ్డం పడ్డాడు. మర్నాడే లీగు అది తప్పు కిందకి వస్తుందని ప్రకటించింది. అది ఉడికించడమే, కానీ కూత కాదు. దానికి మనకి వేరే మాట సిద్ధంగా ఉంది, వెకిలి చేష్టలు.

దీనికి పూర్తి తలకిందుల కేసు మా ఊరి జట్టు ఆయిలర్స్‌లోనే ఉంది. 80ల్లో ఎసా టిక్కనెన్ అని ఫిన్లాండ్ ఆటగాడు, మనిషిని అంటిపెట్టుకుని ఆట మొత్తం వాగుతూనే ఉండేవాడట, ఫిన్నిష్, ఇంగ్లీషు కలిపి ఏదో తనదైన భాష, దానికి టిక్కనీస్ అని పేరే పెట్టేశారు. 1988లో హాకీ దిగ్గజం గ్రెట్జ్‌కీ లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాక తన పాత సహచరుడైన ఆయన్నీ ఇలాగే నీడలా పట్టుకున్నాడు. వినేవాడికి ముక్క అర్థం కాదు, అయినా చిరాకు మాత్రం పుడుతుంది! మాటలో అర్థం లేకపోయినా పని చేసిందంటే అది కూతే కదండీ, పిట్ట కూతకి మాత్రం అర్థం ఎక్కడుంది?

జవాబు (రిటైర్డ్ తెలుగు మాస్టారు, రాజమండ్రి)

అమ్మాయ్, వ్యాకరణం వైపు నుంచి నీ మాట గట్టిది. మేయు – మేత, నేయు – నేత, కోయు – కోత, అలాగే కూయు – కూత. ఆటగాడు, పాటగాడు ఉన్నట్టే ఆ వాగేవాణ్ణి "కూతగాడు" అనుకోవచ్చు, ఎక్కడా అతుకు కనిపించదు.

అయితే ఒక సందేహం. మన దగ్గర "కారుకూత" అని ఉంది. అనరాని మాట అది. నీ రింకులో ఈ రెండిటికీ మధ్య గీత ఉందా, లేక అన్నీ ఒక గంపలోనే వేస్తారా?

మొదటి పోస్టు పెట్టినావిడ

మాస్టారూ, మీరు అడిగింది నా గుండెల్లో ఉన్న ప్రశ్న.

గీత ఉంది. ఉండి తీరాలి. టేపు మీద, లేసుల మీద, నువ్వు కొట్టిన షాటు మీద, బెంచీ మీద కూర్చోడం మీద ఎన్నయినా అనొచ్చు. రంగు మీద, పుట్టుక మీద, ఇంట్లో తినే తిండి మీద అంటే అది వేరే. విల్లీ ఓరీ అని ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు, 1958 జనవరి 18న బోస్టన్ తరఫున మాంట్రియల్‌లో దిగాడు, అవతలి ఆటగాళ్ళ నుంచీ స్టాండ్స్ నుంచీ ఎలాంటి మాటలు పడ్డాడో ఆయనే చెప్పుకున్నాడు. ఇప్పుడు పిల్లల హాకీలో అలాంటి మాట అంటే మ్యాచ్ నుంచి పంపేసి సస్పెండ్ చేస్తారు. రెండేళ్ళ కింద ఒక టోర్నమెంట్‌లో మా వాడికీ ఒకటి తగిలింది. ఆ మాట ఇక్కడ రాయను. ఆ రోజు కారులో వాడు "చిర్ప్ అంతే" అనలేదు. ఇంటికి వచ్చేదాకా అసలు మాట్లాడలేదు. అంటే ఆ గీత తొమ్మిదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు, నా దగ్గరే దానికి పేరు లేదు. ఇంగ్లీషులో రెండిటికీ పొంతన లేని వేరువేరు మాటలున్నాయి. మీరు కారుకూత అనగానే, కూత అన్న మాటలోనే అది ఎక్కడ చెడిపోతుందో కూడా ఉందని తెలిసింది. చాలా థాంక్స్ మాస్టారూ.

జవాబు (కరీంనగర్ నుంచి)

అక్కా మనసుకి బాధైంది చదివి. సరే నేను కూతకి ఒప్పుకుంటున్న. మరి స్టాండ్స్‌లోకెళ్ళి జనం చేసేది ఏమంటరు, అదీ కూతేనా?

జవాబు (టొరంటో నుంచి)

అందులో రకాలున్నాయి తమ్ముడూ. గోలీ పేరుని సాగదీసి రాగం తీస్తూ అరేనా అంతా పాడతారు, గోల్ పడగానే "అంతా నీ తప్పే" అని నాష్‌విల్‌లో కోరస్, వాంకూవర్‌లో అయితే 2009 నుంచి కొన్నేళ్ళు ఇద్దరు తలనుంచి కాలిదాకా ఆకుపచ్చ బట్టలేసుకుని అవతలి జట్టు పెనాల్టీ బాక్స్ పక్కన కూర్చుని, లోపలికొచ్చినవాడి ముందు చేతుల మీద తలకిందులుగా నిలబడేవాళ్ళు. అవి అల్లరి. కానీ పిల్లల మ్యాచుల్లో రెఫరీలుగా ఉండేది చాలాసార్లు పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలే, వాళ్ళ మీద తల్లిదండ్రులు అరుస్తారు చూడు, దానికి మాత్రం నాకు మర్యాదైన మాట దొరకదు.

జవాబు (కరీంనగర్ నుంచి)

అది ఒర్లుడు.

మొదటి పోస్టు పెట్టినావిడ

ఒర్లుడు, నోట్ చేసుకున్నా, ఇంతకన్నా సరిగ్గా చెప్పలేం.

ఇక్కడ పంజాబీ వాళ్ళు 2008 నుంచి టీవీలో హాకీ కామెంటరీ వాళ్ళ భాషలో చెప్పుకుంటున్నారు, కర్ర బాగా వెనక్కి ఎత్తి పక్‌ని బాదే స్లాప్ షాట్‌ని చపేడ్ షాట్ అంటారు, అంటే చెంపదెబ్బే. మనకి అలాంటి కామెంటరీ లేదు, మన మాటలు ఇలా కారుల్లో ఫోన్లలోనే పుట్టాలి. అందుకే ఈ ఆత్రం అంతా.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నిన్న మ్యాచ్ అయిపోయాక, రెండు జట్లూ వరసలో చేతులు కలుపుకుని వచ్చాక, మా వాడు హెల్మెట్ తీస్తూ "అమ్మా, సెవెంటీన్ నంబర్ వాడు నన్ను కూశాడు" అన్నాడు. నన్ను కూశాడు! నాకు ముచ్చటేసింది గానీ చెవికి ఎక్కడో తగిలింది. "నా మీద కూశాడు" అనాలా, "నన్నేదో కూశాడు" అంటే నడుస్తుందా? తిట్టడానికి "నన్ను" వస్తుంది, కూయడానికి మనం ఇన్నాళ్ళూ మనిషిని కర్మగా పెట్టలేదు కదా. మాస్టారూ, మీరేమంటారు?

జవాబు (రిటైర్డ్ తెలుగు మాస్టారు, రాజమండ్రి)

"నన్ను పట్టుకుని ఏదేదో కూశాడు" అంటే నిక్షేపంగా తెలుగు. "నన్ను కూశాడు" నేనింతవరకు వినలేదు. కానీ అబ్బాయిని దిద్దకు, ఇంకో రెండు మ్యాచులు అలాగే అననీ, ఎలా వాడతాడో చూసి ఇక్కడ రాయి.