దీపావళి కార్యక్రమం: చర్చి కోయిర్ పాట ఎప్పుడు పెడదాం?

కార్యక్రమాల కమిటీ: మనకు హాలిస్తున్న చర్చి కోయిర్ వాళ్లు ఒక లాటిన్ పాట పాడతామన్నారు. 'తే లూచిస్ ఆంతే తెర్మినుమ్', పదహారో శతాబ్దపు ఇంగ్లండు స్వరకర్త థామస్ టాలిస్ కూర్చినది. రెండు మూడు నిమిషాలే. భోజనాలకు ముందు పెడదామా?

సౌండ్: వద్దక్కా. పులిహోర వాసన తగిలాక ఎవరూ కుర్చీల్లో ఉండరు. దీపం వెలిగించగానే పెట్టండి. మైకులెన్ని కావాలి?

కార్యక్రమాల కమిటీ: ఒక్కటీ వద్దు. ఒకటి, మూడు చరణాలు ప్లెయిన్‌చాంట్, అంటే అందరూ ఒకే వరసలో పాడతారు. టాలిస్ ఐదు గొంతులకు, అంటే ఒకేసారి పాడే ఐదు వేర్వేరు వరసలుగా రాసింది మధ్య చరణమే. మనిషికో మైకు పెడితే దగ్గరున్న గొంతే పైకొచ్చి, మిగతా వరసలు దాని కింద పడిపోతాయి. రాతి గోడలున్న హాలు, వాళ్ల పాటకు అది చాలు. రికార్డింగ్‌కి దూరంగా ఒక స్టాండు పెట్టు, హీటర్ ఫ్యాను ఆపెయ్.

సంగీతం క్లాసు: మా పిల్లలు తబలా, తంబురా కలుపుతామంటున్నారండీ.

కార్యక్రమాల కమిటీ: తబలా అస్సలొద్దండీ. చాంట్ తాళానికి కట్టింది కాదు, మాటల నడకను బట్టి సాగుతుంది. ఐదు గొంతులు కలిసే చోట హార్మనీ, అంటే కలిసి మోగే స్వరాలు, మారుతూ ఉంటుంది, అడుగున తంబురా ఒకే షడ్జమం పట్టుకుంటే పొసగదు. పిల్లలకు ఆసక్తి ఉంటే మొదటి చరణం కోయిర్‌తో కలిసి పాడనిద్దాం, నేర్చుకోవడం తేలికే.

రిసెప్షన్: దీపావళికి చర్చి పాటేంటని పెద్దవాళ్లు అడిగితే?

కార్యక్రమాల కమిటీ: అర్థం చెప్పండి అన్నా. వెలుగు పోకముందే నిన్ను వేడుకుంటున్నాం, మమ్మల్ని కాపాడు, పీడకలలు దూరంగా పోవాలి అని పడుకోబోయే ముందు చేసే ప్రార్థన. నాకైతే ఆ సాయంత్రానికి సరిగ్గా సరిపోయిందనిపించింది.

యాంకర్: పరిచయానికి ఏం చెప్పను?

కార్యక్రమాల కమిటీ: టాలిస్, విలియం బర్డ్ 1575లో కలిసి అచ్చేసిన పుస్తకంలో ఉంది. ఎలిజబెత్ రాణి పాలనకు 17వ ఏడని చెరి 17 పాటలు. అప్పటికి ఇంగ్లండు చర్చిల్లో ఆరాధన ఇంగ్లీషులోకి మారిపోయింది, పడుకునే ముందు చేసే ఈ ప్రార్థన వాళ్ల ఆరాధన పుస్తకంలోంచే పోయింది. అయినా రాణిగారి సొంత చాపెల్ (ప్రార్థనా మందిరం) గాయకులైన వీళ్లిద్దరూ లాటిన్‌లో అచ్చేశారు, అదీ ఆవిడ ఇచ్చిన అనుమతితోనే! నాకు నచ్చిన ముక్క ఇది. నువ్వు మాత్రం మూడు వాక్యాలు దాటకు తల్లీ, పోయినసారి పరిచయాలే ప్రోగ్రాంని మింగేశాయి.

వంట: కోయిర్ వాళ్లెంతమందో రేపటికల్లా చెప్పండి. కారం తగ్గించి విడిగా ఒక గిన్నె తీస్తాను.